పరుగులెత్తు బిడ్డకు వానకోటు

వానకాలము రాగానే తల్లిదండ్రులు బిడ్డలకు వానకోటులు కొందురు. నీరు చొరకున్న చాలునని పలువురి తలంపు. అది సగము నిజము మాత్రమే.

1823వ సంవత్సరమున స్కాట్లాండు దేశీయుడగు చార్లెసు మాకింతోషు రెండు బట్టల నడుమ రబ్బరును పూసి యతికించి, నీరు చొరని వస్త్రమునకు హక్కుపత్రము పొందెను. అట్టి వస్త్రము వానను లోనికి రానీయదు. చెమటను వెలుపలికిని పోనీయదు. నేటి చౌక ప్లాస్టిక్కు కోటులయందును ఈ లోపమే కలదు. కదలక కూర్చుండువారికి దీనివలన బాధ స్వల్పము. పరుగులెత్తు బిడ్డయో వానకు తడియకున్నను చెమటకు తడియును. ఆట చాలించి నిలిచినంతనే చలికి వణకును. కావున చంకలక్రిందనో వీపునందో గాలి యాడుటకు సందులుండి, తేలికగాను కొంచెము వదులుగాను ఉండు కోటు మేలు.

పిమ్మట కుట్లను పరీక్షింపవలెను. సూది చేసిన ప్రతి రంధ్రమును నీటికి ద్వారమే. లోపలివైపున కుట్లపై పట్టీ యతికించిన కోటు నమ్మదగినది.

అన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. తలకప్పునకు త్రాళ్లుండరాదు. అవి జారుడుబల్ల సందులలో చిక్కి, మెడకు బిగిసి, పిల్లలు ప్రాణములు గోల్పోయిరి. అందుచేతనే అమెరికా ప్రభుత్వ సంఘమొకటి 1996లో పిల్లల పైయుడుపుల తలకప్పులకును మెడకును త్రాళ్లు వలదని సూచించెను. వానికి మారుగా లాగినంతనే యూడివచ్చు నొక్కుబొత్తాము లుండవలెను. తలకప్పు ప్రక్కచూపును మరుగుపరుపరాదు. మబ్బువేళ బండ్లు నడుపువారికి దూరమునుండియే కనబడు పసుపువంటి రంగు శ్రేష్ఠము.

కొనుటకు ముందు కోటు తొడిగి, బిడ్డచేత చేతులెత్తించి, నాలుగడుగులు పరుగెత్తించి చూడుడు. ఒంటిపై నున్నదన్న మాటయే మరచి బిడ్డ యాడుకొనగల కోటే మంచి కోటు.