కన్యాశుల్కప్రయోగము: భూమికానిర్ణయము

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892వ సంవత్సరమున విజయనగరములో జగన్నాథవిలాసినీ సభవారిచేఁ బ్రథమముగాఁ బ్రదర్శింపఁబడినది. ఐదంకములు గల యా కూర్పు 1897లో ముద్రితమయ్యెను. కవి దానిని మిక్కిలి పెంచి, యేడంకములుగాఁ దీర్చి, 1909లో రెండవకూర్పును వెలువరించెను. నేఁడు పాఠకులకుఁ బరిచితమైనది యీ రెండవకూర్పే. ఈ నాటకమును గూర్చిన విమర్శలు భాషను, సంఘసంస్కరణమును ముఖ్యముగాఁ జర్చించినవి. ప్రయోగదృష్టితోఁ జూచునపు డిందు మఱియొక విశేషము గోచరించును. ఏ వేషము నెవరి కీయవలెనను ప్రశ్న యితరనాటకములలోఁ దఱచుగా సౌకర్యమునకు సంబంధించినది; ఇందుఁ గథార్థమునకే సంబంధించినది.

భరతుఁడు నాట్యశాస్త్రమున నటునకును భూమికకును గల సంబంధమును మూఁడు విధములుగా విభజించెను. స్త్రీవేషమును స్త్రీయుఁ, బురుషవేషమును బురుషుఁడును, వయస్సునకుఁ దగినట్లు ధరించుట అనురూప. బాలుఁడు వృద్ధుఁడుగను, వృద్ధుఁడు బాలుఁడుగను నటించుట విరూప. పురుషుఁడు స్త్రీభావమును, స్త్రీ పురుషభావమును దాల్చుట రూపానుసారిణి. ఈ మూఁటిలో నెక్కడ నేది తగునో నిర్ణయించుట ప్రయోక్త పని. ప్రయోక్త యనఁగా నేఁడు దర్శకుఁడని వ్యవహరింపఁబడువాఁడు. ధనముగల వృత్తిసమాజము నటులను వెదకి తెచ్చుకొనఁగలదు. ఊరిలోని గుమాస్తాలు, ఉపాధ్యాయులు, విద్యార్థులు కూడి యేర్పఱచుకొన్న యౌత్సాహికసమాజమున కా యవకాశము లేదు, ఉన్నవారినుండియే యెన్నుకొనవలయును. 1880లో రాజమహేంద్రవరమునఁ గందుకూరి వీరేశలింగముగారు తమ విద్యార్థులచే నాటకముల నాడించిరి. అట్టి సమాజములలో విరూపయు, రూపానుసారిణియుఁ దప్పనివి.

ముందుగా విరూపమును బరిశీలింతము. లుబ్ధావధానులు వృద్ధుఁడు. ఆ వేషమును దాల్చిన యువకుఁడు వంగిన నడుమును, దగ్గును, వణఁకు చేతికఱ్ఱను జూపి ప్రేక్షకులను నవ్వింపఁజూచుట సహజము. కాని ముసలితనము స్వతః హాస్యాస్పదము కాదు. లుబ్ధావధానులయందు నవ్వఁదగినది యాతని లోభమును, దానిని వెన్నంటియున్న భయమును. చవుకగా వచ్చు పిల్లను బేరమాడుకొను వాని తెలివియే వానిని ముంచుచున్నది. రంగస్థలముమీఁదను, 1955 నాఁటి చలనచిత్రమునందును లుబ్ధావధానులుగాఁ బేరుపొందిన గోవిందరాజుల సుబ్బారావుగారివంటి నటునికి వయస్సును నటించు శ్రమ తక్కువ. శ్రద్ధ యంతయు స్వభావముమీఁద నిలుపుటకు వీలు హెచ్చు. యువకుని కీ వేష మిచ్చిన ప్రయోక్త మొదట నాతనిచే దగ్గు మాన్పించి, రూకలు లెక్కించు చేతి నభ్యసింపఁజేయవలయును.

రూపానుసారిణి యింతకంటెఁ జిక్కైనది. కన్యాశుల్కమున మాఱువేషములు రెండు కలవు. కృష్ణరాయపురాగ్రహారపు అగ్నిహోత్రావధానులు తన చిన్నకూఁతురు సుబ్బిని లుబ్ధావధానులకు విక్రయింప నిశ్చయించును. ఆ పెండ్లిని దప్పించుటకై సుబ్బి మేనమామయగు కరటకశాస్త్రి తన శిష్యుని కాఁడుపిల్లవేషము వేసి, రామచంద్రపురాగ్రహారమునకుఁ గొనిపోయి, లుబ్ధావధానులకే కట్టఁబెట్టును. ఇది మొదటిది. పెండ్లికూఁతురు మాయమైన పిదప హత్యారోపణము లుబ్ధావధానుల మెడకుఁ జుట్టుకొనఁగా, వేశ్యలను దరిఁజేరనీయని సౌజన్యారావుపంతులను గలిసికొనుటకై మధురవాణి పురుషవేషముతో వచ్చును. ఇది రెండవది. స్త్రీవేషములనుగూడఁ బురుషులే ధరించుచుండిన కాలమున వీనికిఁ దోడుగా నటుల స్వంత మాఱువేషము మఱియొకటి చేరెను. ఒకే రంగమున మూఁడు రకముల స్త్రీవేషధారులు నిలుచుచుండిరి.

బుచ్చమ్మ, వెంకమ్మ, మీనాక్షి మొదలగు వేషములలోనున్న పురుషుని బ్రేక్షకుఁడు మఱచిపోవలెను. అది నాట్యధర్మి, చూచువాఁ డాడువానితోఁ జేసికొన్న యొడంబడిక. శిష్యుని విషయ మట్లు కాదు. ఆఁడుపిల్ల చీరలోనున్నది మగపిల్లవాఁడని ప్రేక్షకుఁ డొక్కక్షణమైన మఱవరాదు. రామప్పపంతులును, లుబ్ధావధానులును మాత్రము దాని నెఱుఁగరాదు. బుచ్చమ్మవేషధారియు, శిష్యవేషధారియు నొకే తీరున గొంతు సన్నగిల్లఁజేసి, యొకే తీరునఁ గొంగు సవరించుకొన్నచో నీ భేదము నశించును. అప్పుడు మోసము రక్తికట్టదు. కావునఁ బ్రయోక్త మొదటివాని కభినయమును దాఁచు విద్యను, రెండవవానికి దానిని బ్రేక్షకులకు మాత్రమే చూపు విద్యను వేఱువేఱుగా నేర్పవలయును. ఇరువురును గలసి సాధన చేసినప్పు డొకరి నడక మఱియొకరి కంటకుండ జాగ్రత్తపడుటయు నాతని పనియే.

కథలోఁ గరటకశాస్త్రి స్వయముగా నటుఁడు. మహారాజుగారి నాటకసమాజమున విదూషకుఁడు. అనఁగా గ్రంథకర్త నాటకములోపల నొక చిన్న ప్రహసనమును గూర్చి, దాని కొక ప్రయోక్తను గూడ నియమించెను. కరటకశాస్త్రి భూమికానిర్ణయము చేయును, శిష్యునకు వేషము వేయును, మధురవాణిని సహాయముగాఁ జేర్చుకొనును. లుబ్ధావధానులు తాను ప్రేక్షకుఁడనని యెఱుఁగని ప్రేక్షకుఁడు. నాట్యశాస్త్రము విదూషకుఁడు మరుగుజ్జుగను, గూనివాఁడుగను, బట్టతలవాఁడుగను నుండవలెనని చెప్పినది. ఆ లక్షణమును బట్టుకొని కరటకశాస్త్రికి వికృతవేషము వేయుట పొరపాటు. ఆతఁడు విదూషకుఁడు కొలువులోని నాటకములలో. ఈ నాటకములో సూత్రము పట్టినవాఁడు. ఆతని హాస్యము బుద్ధివలనఁ గలుగవలెను.

ఈ నవ్వు లెవరిమీఁదఁ బడవలెనను ప్రశ్నయే ప్రయోగమునకుఁ గీలకము. మొదటికూర్పు పీఠికలోఁ గవి, ఆనందగజపతి మహారాజుగారు సేకరింపించిన లెక్కల నుదాహరించెను. విశాఖపట్టణమండలమున మూఁడేండ్లలో జరిగిన యిట్టి వివాహములు 1034గా లెక్కకు వచ్చెను. అందు 99 మంది కన్య లైదేండ్లవారు. ముగ్గురు సంవత్సరము ప్రాయము గల శిశువులు. శిష్యుఁడు పీఁటలమీఁదఁ గూర్చున్నది యీ పిల్లలకు బదులుగా. చీరకట్టిన మగపిల్లవాఁడు తడఁబడుచు, గంతులు వేయుచుఁ గనఁబడిన నవ్వు వానిమీఁదికిఁ బోవును. కొనువాఁడును, బేరము కుదిర్చినవాఁడును దప్పించుకొందురు. శిష్యుఁడు నెమ్మదిగా, నిజముగాఁ బెండ్లికూఁతురే యన్నట్లు కూర్చుండినచో నవ్వు కొనువానిమీఁదికి మరలును. ఆ నవ్వుతోపాటు, ఈ పీఁటమీఁద సుబ్బియే యుండియున్న నేమగుననెడి తలఁపు ప్రేక్షకుని మనస్సునఁ బుట్టును. శిష్యుఁడు చీర విప్పి పాఱిపోఁగలఁడు, సుబ్బి పోలేదు. ఈ భేదము స్ఫురింపనిచో కన్యాశుల్కము వట్టి వేడుకగా ముగియును.

మధురవాణి పురుషవేష మింకను గష్టసాధ్యము. స్త్రీవేషధారణమునఁ బ్రసిద్ధులై, 1956లో పద్మశ్రీ బిరుదమందిన స్థానం నరసింహారావుగారు మధురవాణిని ధరించినవారిలో ముఖ్యులు. అట్టి సందర్భమున నటుఁడు పురుషుఁడు, పాత్రము స్త్రీ, యా స్త్రీ దాల్చినది పురుషవేషము. నటుఁడు తన సహజరూపమునకు మరలివచ్చినట్లు కనఁబడినచో మధురవాణి రంగమునుండి తప్పుకొన్నట్లే. పురుషుని దుస్తులలో నున్నది స్త్రీ యని చూపుపొంకమునఁ దెలుపవలయును. షేక్స్పియరు కాలమున బాలురు రోసలిండు వంటి వేషములను దాల్చునపుడు నిట్టి చిక్కే కలుగుచుండెను. కావున నీ కడపటి యంకమున నటునిచేఁ జేయింపవలసినది స్త్రీవేషమును విడుచుట కాదు. దానిపైఁ బురుషవేషమును గప్పుట.

స్త్రీలు రంగమెక్కిన తరువాతఁ గొన్ని చిక్కులు తీఱినవి. మధురవాణి, బుచ్చమ్మ మున్నగు వేషములు అనురూపములైనవి. 20వ శతాబ్ది యుత్తరార్ధమున విజయనగరమునకుఁ జెందిన జె. వి. రమణమూర్తిగారు గిరీశముగను, వారి యన్నగారు జె. వి. సోమయాజులుగారు రామప్పపంతులుగను బెక్కుతావుల నీ నాటకమును నడిపి ప్రఖ్యాతి గడించిరి. ఒకే నటవర్గము చిరకాలము కలసి యాడుటచే నొకరి మాటకు మఱియొకరి జవాబు తప్పక యందును. హాస్యమున కీ సమయజ్ఞతయే ప్రాణము. స్త్రీలు చేరిన సమాజములలో శిష్యుని వేషము మాత్ర మిప్పటికిని బాలునకే యీయవలసినది. సులభమని బాలిక కిచ్చినచో మాఱువేషము కంటికిఁ గానరాదు; మోసమును దెలిసికొన్న ప్రేక్షకుని యానందము సగము తగ్గును.

ఇట్లు కన్యాశుల్కప్రయోగమున భూమికల పంపకము కథావ్యాఖ్యానమే యగుచున్నది. అనురూప, విరూప, రూపానుసారిణులను నామములను బండితులు శాస్త్రమునఁ జదువుదురు. ఈ నాటకము నాడింపఁబూనిన పాఠశాలోపాధ్యాయుఁడు వానిని బ్రతిసాయంకాలపు సాధనలోను బ్రత్యక్షముగాఁ జూడఁగలఁడు. శిష్యుని వేషమున కొక పిల్లవాని నెన్నుకొనునప్పుడు గొంతు సన్నముగా నున్నదా యని మాత్రమే విచారింపక, పీఁటలమీఁద నెమ్మదిగాఁ గూర్చుండఁగలఁడా యని పరీక్షించుట మేలు.