సరిహద్దూ సువార్తా

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం ఎల్ పాసో నగరంలో అనన్సియేషన్ హౌస్ అనే ఆశ్రయ సంస్థకు పాత ఇటుక భవనం ఉంది. మెక్సికో సరిహద్దు దాటి వచ్చినవాళ్లకు ఆ సంస్థ 1978 నుంచి తిండి పెట్టి, పడుకోవడానికి చోటిస్తోంది. నడిపేది కతోలిక విశ్వాసులు. పనిచేసేవాళ్లు జీతం తీసుకోరు. 2024 ఫిబ్రవరిలో టెక్సస్ అటార్నీ జనరల్ కెన్ పాక్స్‌టన్ తరఫు న్యాయవాదులు ఆ గుమ్మం ముందుకొచ్చి, రికార్డులన్నీ ఒక్కరోజులో అప్పగించమన్నారు. సంస్థ కోర్టుకెక్కింది. మనుషుల అక్రమ రవాణాకు తోడ్పడుతోంది కాబట్టి దాన్ని మూసేయించాలని పాక్స్‌టన్ వాదించారు. జూలైలో జిల్లా జడ్జి సంస్థ వైపు తీర్పిచ్చారు. 2025 మేలో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి, పాక్స్‌టన్ ముందుకెళ్లవచ్చంది.

ఇందులో తప్పక గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆ ఇంటికి చేరినవాళ్లలో చాలామందిని తెచ్చి దింపింది ఫెడరల్ అధికారులే. పట్టుకుని, వేలిముద్రలు తీసుకుని, కోర్టుకు రావాల్సిన తేదీ వేసిన కాగితం చేతిలో పెట్టి, ఎక్కడ ఉంచాలో తెలియక ఇలాంటి ఆశ్రయాలకు పంపేవారు. నిర్బంధంలో బూట్ల లేసులు తీసేసుకుంటారు. కాబట్టి సరిహద్దు ఊళ్ల ఆశ్రయాల్లో సేవకులు అన్నంతో పాటు లేసులూ ఇచ్చేవారు. ఆ తర్వాత చుట్టాలకు ఫోన్, బస్సు టికెట్. ప్రభుత్వం ఒక చేత్తో అప్పగించిన మనుషులను ఆదుకున్నందుకు మరో చేత్తో కేసు పెట్టడం అన్యాయమే.

అలాగని రాజకీయ నాయకుల ఆందోళనంతా ద్వేషం అనుకుంటే పొరపాటు. 2022 డిసెంబరులో ఇదే ఎల్ పాసోలో అత్యవసర పరిస్థితి ప్రకటించిన అప్పటి మేయర్ ఆస్కార్ లీసర్ డెమొక్రటిక్ పార్టీ మనిషి. ఆ చలిలో సేక్రెడ్ హార్ట్ చర్చి చుట్టుపక్కల పేవ్‌మెంట్ల మీద జనం దుప్పట్లు కప్పుకుని పడుకున్నారు. ఏడాది తర్వాత, 2023 డిసెంబరు ఒక్క నెలలోనే దక్షిణ సరిహద్దులో దాదాపు 2.5 లక్షల సార్లు జనం పట్టుబడ్డారు. ఆ తాకిడిని ఏ ఊరైనా ఎన్నాళ్లు తట్టుకోగలదు?

సరిహద్దులు ఎత్తేయమని కతోలిక శ్రీసభ ఏనాడూ చెప్పలేదు. 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథంలో 2241వ పేరా ఈ విషయాన్నే చర్చిస్తుంది. సంపన్న దేశాలు తమ శక్తి మేరకు, బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చినవాళ్లను చేర్చుకోవాలంటుంది. అందరి మేలు కోసం వలసకు షరతులు పెట్టే అధికారం ప్రభుత్వాలకుందనీ, వచ్చినవాళ్లు ఆ దేశపు చట్టాలకు లోబడాలనీ అక్కడే చెబుతుంది. 2003లో అమెరికా, మెక్సికో బిషప్పులు కలిసి రాసిన లేఖ ఇంకో మెట్టు ముందుకెళ్లింది. మనిషికి సొంత ఊళ్లోనే బతుకు దొరికే హక్కుండాలని అది మొదటి సూత్రంగా పెట్టింది. అది లేనప్పుడు వలసపోయే హక్కు, దేశాలకు సరిహద్దులు కాచుకునే హక్కు, కాగితాలు లేకపోయినా మనిషి గౌరవానికి భంగం కలగకూడదన్న నియమం, అన్నీ ఒకే లేఖలో ఉన్నాయి. ఒక పక్షం షరతుల మాటనూ, మరో పక్షం ఆదరణ మాటనూ పట్టుకుని మిగతాది వదిలేయడంతోనే పేచీ ముదిరింది.

2025 జనవరిలో అమెరికా ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ ఈ పేచీని ఏకంగా వేదాంతంలోకి తీసుకెళ్లారు. ఆయన 2019లో కతోలికుడైన వ్యక్తి. ముందు కుటుంబం, తర్వాత ఇరుగుపొరుగు, ఆపైన దేశం, చివర్న మిగతా ప్రపంచం: ప్రేమకు ఇలా వరస ఉంటుందని ఆయన వాదన. సెయింట్ అగస్టీన్, థామస్ అక్వినాస్ బోధించిన మాటే అది. ఫిబ్రవరిలో అప్పటి పోప్ ఫ్రాన్సిస్ అమెరికా బిషప్పులకు లేఖ రాస్తూ, ఆ వరసను మంచి సమరీయుని ఉపమానం వెలుగులో అర్థం చేసుకోవాలన్నారు. నిజానికి అక్వినాస్‌లోనే జవాబు ఉంది. ప్రాణం మీదికొచ్చిన పరాయివాడికి, అంత ఇబ్బందిలో లేని సొంత తండ్రికన్నా ముందు సాయం చేయాల్సిన సందర్భాలుంటాయని ఆయన రాశాడు. అంటే వరస ఉంది, కానీ ఆపద దాన్ని మారుస్తుంది. వాన్స్ మొదటి సగమే చెప్పారు.

2025 నవంబరులో బాల్టిమోర్‌లో సమావేశమైన అమెరికా బిషప్పులు 216 ఓట్లతో ఒక ప్రత్యేక సందేశం ఆమోదించారు, వ్యతిరేకించినవాళ్లు ఐదుగురే. సరిహద్దులను క్రమబద్ధం చేయడం దేశాల బాధ్యతేనంటూనే, మంచీచెడూ చూడకుండా జరిగే మూకుమ్మడి బహిష్కరణను వాళ్లు వ్యతిరేకించారు. షికాగోలో పుట్టిన పోప్ లియో 14 వాళ్లను సమర్థించారు. బిషప్పుల సందేశం వెనక జరిగిన సంగతులున్నాయి. ఆ ఏడాది జూలైలోనే కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో బిషప్ అల్బెర్టో రోహాస్, అరెస్టు భయం ఉన్నవాళ్లు ఆదివారం పూజకు రాకపోయినా ఫరవాలేదని మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. నేరం చేసినవాణ్ని పట్టుకోవడం వేరు, ఇరవై ఏళ్లుగా పనిచేసుకుంటున్న కుటుంబం గుడికి వెళ్లడానికి జంకేలా చేయడం వేరు. రెంటికీ ఒకే చట్టం పేరు చెప్పడాన్ని బిషప్పులు ఒప్పుకోలేదు, ఒప్పుకోకూడదు కూడా.

చట్టబద్ధమైన దారి ఇరుకైతే ఏమవుతుందో శ్రీసభకు సొంత అనుభవం కూడా ఉంది. అమెరికా విచారణల్లో (పారిష్‌లలో) విదేశీ గురువులు వేల సంఖ్యలో పనిచేస్తున్నారు. ఆంధ్ర, తెలంగాణ మేత్రాసనాల (డయోసిస్‌ల) నుంచి వెళ్లిన తెలుగు ఫాదర్లూ వాళ్లలో ఉన్నారు. ఈ గురువులు వెళ్లే ఆర్-1 వీసా గడువు గరిష్ఠంగా ఐదేళ్లు. 2023లో గ్రీన్‌కార్డుల లెక్కింపు పద్ధతి మారడంతో వాటి కోసం నిరీక్షణ ఆ గడువును దాటిపోయింది. 2024 ఆగస్టులో న్యూజెర్సీలోని పాటర్సన్ మేత్రాసనం, ఐదుగురు గురువులు కలిసి ప్రభుత్వంపై దావా వేశారు. 2025 ఏప్రిల్‌లో సెనేటర్లు టిమ్ కెయిన్, సుసాన్ కాలిన్స్, జిమ్ రిష్, అంటే ఒక డెమొక్రాట్, ఇద్దరు రిపబ్లికన్లు, గ్రీన్‌కార్డు వచ్చేదాకా వాళ్లను పనిలో ఉండనివ్వాలంటూ బిల్లు పెట్టారు.