చిత్రంలో మాయమయ్యే గీతలు

ఒకప్పుడు సిగరెట్ పెట్టెలతో వచ్చిన బ్రాడ్‌మన్ బొమ్మల కార్డులను ఆస్ట్రేలియాలో సేకర్తలు నేడు తరచు కంప్యూటరు తెరపై చూసే కొంటున్నారు. కార్డు వెలను తగ్గించేవి నలిగిన మూలలు, సన్నని గీతలు. నాణ్యత లేని చిత్రంలో ముందుగా మాయమయ్యేవీ అవే. 1992లో ప్రమాణంగా వెలువడిన జేపెగ్ విధానం చిత్రాన్ని నిలువునా అడ్డంగా ఎనిమిదేసి బిందువుల గళ్ళుగా విభజించి, కంటికి అంతగా ఆనని సూక్ష్మ వివరాలను వదిలివేస్తుంది. దీనికి మూలమైన గణితప్రక్రియను 1974లో ప్రకటించినవారు నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కామిశెట్టి రామమోహనరావు. కుదింపు మితిమీరితే గీతలు చెరిగి, అరిగిన కార్డు కొత్తదిగా తోస్తుంది, కొన్నవారు నష్టపోతారు. కనుక పక్కనుండి ఏటవాలుగా వెలుతురు పడేట్లు తీసిన, ఎక్కువగా కుదించని చిత్రాన్ని ముందే అడగడం మేలు. ఆ వెలుతురులో ప్రతి గీతా తన నీడతో బయటపడుతుంది.