పేరొకటే, తూకము వేరు

17వ శతాబ్దమున గోలకొండ రాజ్యపు వజ్రపుగనులను దర్శించిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, రత్నముల కాంతిని వర్ణించుటతో తృప్తినొందక, ఏ గనిలో ఏ తూనిక చెల్లునో కూడ శ్రద్ధతో లిఖించి యుంచినాడు. కృష్ణాతీరమందలి కొల్లూరులో మంజెలిన్ అనగా 7 గ్రెయినులు. అదే పేరు గోవాలోని పోర్చుగీసువారి త్రాసున 5 గ్రెయినులే. పేరును నమ్మి బేరమాడినవాని గతి చెప్పనక్కరలేదు. 1907లో అంతర్జాతీయ తూనికల మహాసభ కారటును 200 మిల్లీగ్రాములుగా అంగీకరించిన పిదప ఆ చిక్కు క్రమముగా విడిపోయినది. విడిపోయినదనుకొంటిమి.

నేడు సూరతులో వజ్రము భూగర్భమున గాక యంత్రగర్భమున జనించుచున్నది. మీథేను, హైడ్రోజను వాయువులను ప్లాస్మాగా మార్చి, పలుచని వజ్రపు బీజముమీద కర్బనమును పొరపొరగా పెంచు సి.వి.డి. పద్ధతిచే పుట్టిన రాళ్లలో అధికభాగము, నత్రజని దాదాపు లేని కారణమున, గోలకొండ మేలిరత్నములు పేరుగన్న టైప్ టూ-ఏ తరగతికే చెందుట యొక చమత్కారము.

వీటిని కొనగోరు నగల వర్తకునకు సరఫరాదారులు ముందుగా పంపునవి పొట్లములు కావు, ఎక్సెల్ పట్టికలు. గుండ్రని రాయి ఒకరికి ‘రౌండు’, మరియొకరికి ‘ఆర్.డి.’, వేరొకరికి ‘బి.ఆర్.’. రత్నపరీక్ష చేయు ఐ.జి.ఐ. సంస్థవారి ధ్రువపత్రపు సంఖ్యకు ముందుండు ‘ఎల్.జి.’ అక్షరములను ఒకరు వ్రాయుదురు, ఒకరు విడిచెదరు, ఒకరు నడుమ ఖాళీ నుంచెదరు. తత్ఫలితముగా, నలుగురు చూపుచున్న ఒక్క రాయి నాలుగు రాళ్లుగా కానవచ్చి, అంగట సరకు పొంగిపొరలుచున్నదను భ్రమ గలిగించును. ఈ సంఖ్యను ముందు శుభ్రపరచనిదే తక్కిన శ్రమయంతయు వ్యర్థమని నా తలంపు.

వెలల గడి మరింత మాయలాడి. ఒకరు కారటుకు 150 డాలర్లందురు. వేరొకరు రాయి మొత్తమునకు 210 అందురు. రాయి 1.52 కారట్లదైనచో మొదటివాని వెల 228 డాలర్లగుటచే, పెద్ద అంకె చెప్పినవాడే చౌక యగుచున్నాడు. మూడవవాడు వెలయే చెప్పడు. సహజవజ్రములకై 1978 నుండి వెలువడుచున్న రాపపోర్టు ధరల పట్టికపై ‘98 తగ్గింపు’ అని యూరకుండును. ఆ పట్టికలో 10,000 డాలర్లున్నచోట 98 శాతము తగ్గించిన 200 మిగులును, 98.5 తగ్గించిన 150. చూచుటకు అర శాతమే, చెల్లించుటలో పావువంతు! దశాంశము పొసగలేదని ఆ అరను చెరిపిన గుమాస్తా, 150 వెలను 200 చేసినవాడగును. కావున తగ్గింపులను ప్రక్కనబెట్టి, ప్రతి వెలను కారటుకింతయని డాలర్లలోనికి మార్చి, ఆనాటి తేదీని, అరువు గడువును చేర్చి వ్రాసికొనవలె.

ఇక ఖాళీ గడులు. సి.వి.డి. రాళ్లకు గోధుమ ఛాయయో, ఆకుపచ్చ ఛాయయో, పాలవంటి మసకయో సోకుట కలదు. వ్యాపారులు దీనిని ‘బి.జి.ఎం.’ అందురు. ఆ గడిని నింపని సరఫరాదారు ‘లేదు’ అనలేదు, ఊరకున్నాడు, అంతే. పట్టికను సవరించువాడు తొందరపడి అచ్చట ‘లేదు’ అని నింపెనా, మసకరాయి నిర్మలమైనదాని సరసన చౌకబేరమై మెరయును.

2025 అక్టోబరు నుండి మరియొక రత్నపరీక్షాసంస్థ యగు జి.ఐ.ఏ. ప్రయోగశాల వజ్రముల రంగును డి, ఇ, ఎఫ్ అను అక్షరములతో సూచించుట మాని, రంగు, నిర్మలత, మెరుగు అన్నిటిని కలిపి ‘ప్రీమియం’, ‘స్టాండర్డ్’ అను రెండు మాటలతో సరిపుచ్చుచున్నది. ఇ మొదలు జె వరకు ఆరక్షరములు ‘స్టాండర్డ్’ అను ఒక్క మాటలో నొదిగినవి. అక్షరమునే కోరు పాత పట్టికకు ఇది మ్రింగుడుపడదు. మధ్యస్థముగా నుండునుగదా యని కొందరికి ‘జి’ వేయబుద్ధియగును. అట్లుగాక రంగు గడిలో ‘ఇ నుండి జె’ అనియే వ్రాసి, సరఫరాదారు పంపిన మాటను ప్రక్కగడిలో యథాతథముగా నుంచిన, రేపు రాయి చేతికి వచ్చినపుడు సరిచూచుకొనుటకు ఆధారముండును.