మేలుచేయు సూక్ష్మజీవులు కీడుచేయు వేళ

పెరుగన్నముతో గాని మన భోజనము ముగియదు. పాలను తోడుపెట్టినప్పుడు పెరుగుగా మార్చునవి కంటికి కనరాని సూక్ష్మజీవులు. ఇట్టివానిలో ఆరోగ్యమునకు తోడ్పడునని తలచు కొన్ని జాతులను ఎంపికచేసి, ఎండబెట్టి, గొట్టపు మాత్రలలో నింపి, ‘ప్రోబయాటిక్కులు’ అను పేర మందుల దుకాణములలో విక్రయించుచున్నారు. ఒక్కొక్క మాత్రలో కోట్లకొలది జీవులుండును. మందువలె మ్రింగుచున్నను ఇవి ప్రాణము గలవని మరువరాదు.

ఆరోగ్యవంతుల కివి సాధారణముగా హాని చేయవు. పేగు లోపలి పొర ఒకే వరుస కణములతో కట్టిన గోడ. దానిపై జిగురు పూత యుండును. ఆవల రక్తనాళములు. లోని సూక్ష్మజీవులు రక్తములోనికి పోకుండ కాచునది ఈ గోడయే. క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కోలైటిస్ అను దీర్ఘవ్యాధులలో ఈ పొర వాచి, పుండ్లుపడును. ఆ వాపును అణచుటకు వాడు స్టెరాయిడ్లు, ఇన్‌ఫ్లిక్సిమాబ్ మున్నగు మందులు రోగనిరోధక శక్తినిగూడ తగ్గించును. గోడకు గండి పడిన వేళనే కావలియు బలహీనమగు నన్నమాట.

అప్పు డేమి జరుగగలదో 2013లో అమెరికా వైద్యులు ప్రకటించిన ఒక ఉదంతము తెలుపుచున్నది. కోలైటిస్ తీవ్రముగా నున్న 17 ఏండ్ల బాలుడు, అనగా మన పై తరగతుల విద్యార్థుల యీడువాడు, పై రెండు మందులును పుచ్చుకొనుచు, లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీ.జీ. అను ప్రోబయాటిక్కును ఆరంభించెను. వారము తిరుగకమునుపే, లేక తిరుగుచుండగనే, 102 డిగ్రీల జ్వరము, చలి. రక్తమును పరీక్షింపగా అందులో లాక్టోబాసిల్లస్ పెరిగినది. దాని జన్యుపదార్థమును మాత్రలోని జీవితో పోల్చిచూడగా రెండును ఒక్కటియే!

ఇట్టివి అరుదు. అంతేకాదు, 1917లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ నిస్లె ఒక సైనికుని మలమునుండి వేరుచేసిన కోలై జాతి, కోలైటిస్ తగ్గిన పిమ్మట మరల తిరుగబెట్టకుండ వాడబడుచున్నది. కావున ప్రోబయాటిక్కులన్నియు విషములనుట అవివేకము. రోగము ఉద్రిక్తముగా నున్నదా, రోగనిరోధక శక్తిని తగ్గించు మందులు నడచుచున్నవా అనునవియే ఇచట ముఖ్యము. ఇరుగుపొరుగువారు “కడుపుకు మంచిది” అని సలహా యిచ్చునప్పుడు ఈ రెండు ప్రశ్నలను అడుగరు, అడుగవలసినవాడు వైద్యుడు.

సాకరోమైసిస్ బౌలార్డీ అను ఈస్టు విషయమున మరియొక చిక్కు కలదు. ఆసుపత్రిలో పెద్ద సిరలోనికి గొట్టమమర్చిన రోగి చెంత దాని మాత్రను విప్పినచో, ఆ పొడి చేతులద్వారానో గాలిద్వారానో గొట్టమునకు సోకి రక్తమును చేరవచ్చును. ప్రక్క మంచముమీది రోగికిగూడ ఈ అపాయము కలదు.

ఇట్టి రోగికి జ్వరము వచ్చినచో, వాడుచున్న ప్రోబయాటిక్కు పేరును తల్లిదండ్రులు తప్పక వైద్యునికి చెప్పవలెను. రక్తపరీక్షలో లాక్టోబాసిల్లస్ కనబడినను, అది పరీక్షవేళ బయటినుండి కలిసినదని పొరబడుట కవకాశమున్నది. పైగా, తీవ్రమైన అంటురోగములకు వాడు వాంకోమైసిన్ రామ్నోసస్‌పై పనిచేయదు. వేరు మందు నెన్నుకొనవలసియుండును.