దోర తిరిగాక చెట్టుతో పనేముంది?

ఏప్రిల్ నెలాఖరు. హైదరాబాద్‌లో ఒక మేడ మీద పాత పెయింటు బకెట్లలో నాలుగు టమాటా మొక్కలు. కాయలు పిడికిట్లో పట్టేంత ఊరాయి. కానీ ఇరవై రోజులుగా అవే కాయలు, అదే ఆకుపచ్చ. ఒకటి రెండు మాత్రం నారింజ రంగుకు తిరిగి అక్కడే ఆగిపోయాయి. ఇంటావిడ రోజూ పొద్దున వచ్చి చూసి, ఇంకా ఎండ తగలాలేమో అనుకుని కాయల మీదున్న ఆకులు తుంచేసింది. వారం తిరిగేసరికి ఎండ పడిన వైపు తెల్లటి మచ్చలు లేచాయి. అక్కడ తోలు కాగితంలా ఎండిపోయింది.

మిద్దెతోటలు ఉన్న ఇళ్లలో వేసవి వచ్చిందంటే ఇలాంటి ముచ్చట్లే వినబడతాయి. ఎండ తగిలితేనే పండుతుందన్న నమ్మకం వల్ల వచ్చిన తిప్పలివి. నిజానికి ఎండ కావలసింది ఆకులకు. అవి ఎండను పట్టి చక్కెరలు చేస్తే కాయ ఊరుతుంది. ఊరిన కాయ పండటానికి మాత్రం ఎండ అక్కర్లేదు, వెలుతురూ అక్కర్లేదు. చీకటి గదిలో మంచం కింద గంపలో పెట్టినా అది ఎర్రబడుతుంది. దానికి కావలసినదల్లా మితమైన వెచ్చదనం. మన వేసవిలో మేడ మీద దొరకనిది సరిగ్గా అదే.

కసుగాయా, దోరకాయా?

కాయ వయసు చెప్పడానికి తెలుగులో మాటలకు కొదవ లేదు. పూత, పిందె, కసుగాయ, కాయ, దోరకాయ, పండు. మామిడికీ జామకూ వాడే ఈ వరస టమాటాకూ అతికినట్టు సరిపోతుంది. అమెరికా వ్యవసాయ శాఖ టమాటా రంగును ఆరు మెట్లుగా విడదీసింది. మొదటి మెట్టు ముదిరిన పచ్చకాయ. రెండోది, కాయ ఒంటిపై పదో వంతు మించకుండా రంగు తిరిగిన దశ. పువ్వు రాలిన కొన దగ్గర, అంటే కాయ అడుగున, ముందుగా ఓ గోరంత పసుపో గులాబీ రంగో కనబడుతుంది. మన లెక్కలో దోర మొదలయ్యేది అక్కడే.

పువ్వు కాయకట్టినప్పటి నుంచి కాయ నిండుగా ఊరడానికి దాదాపు 35 నుంచి 40 రోజులు పడుతుంది. రకాన్ని బట్టి, వాతావరణాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ. దోర తిరిగాక పూర్తిగా ఎర్రబడటానికి, వాతావరణం అనుకూలిస్తే, వారం పది రోజులు. కాబట్టి "కాయ పెద్దదైంది, ఇంకా పండలేదు" అని దిగులుపడే చాలామందికి అసలు వైద్యం మరో పది రోజుల ఓపికే.

పచ్చకాయ ముదిరిందో లేదో పైనుంచి చూసి చెప్పడం కష్టం. అనుమానంగా ఉంటే ఒక కాయను త్యాగం చేయాలి. పదునైన కత్తితో అడ్డంగా కోస్తే, గింజలు జిగురులో తేలుతూ కత్తికి చిక్కకుండా పక్కకు జారితే కాయ ముదిరినట్టే. గింజలు కూడా తెగితే అది ఇంకా కసుగాయ. కసుగాయను ఏ గడ్డిలో మాగేసినా తోలు ముడతలు పడుతుందే తప్ప రుచిగల పండు కాదు.

కాయ ఊదే గాలి

మామిడికాయల్ని వరిగడ్డిలో ముగ్గవేయడం, సపోటాలను బియ్యం డబ్బాలో పూడ్చడం మన ఇళ్లకు కొత్త కాదు. వాటిని పండించేది ఒక వాయువని మాత్రం చాలాకాలం ఎవరికీ తెలియదు. 1901లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దిమిత్రి నెల్యుబోవ్ అనే యువ శాస్త్రవేత్త, తన ప్రయోగశాలలో బఠాణీ మొలకలు నిటారుగా కాకుండా వంకరగా పెరగడం గమనించాడు. ఆరాతీస్తే, దీపాలకు వాడే గ్యాసులోని ఇథిలీన్ వాటినలా వంచుతోందని తేలింది. 1934లో ఇంగ్లండుకు చెందిన రిచర్డ్ గేన్, పండుతున్న ఆపిల్ పళ్లు ఇదే వాయువును తమంతట తామే తయారుచేసుకుంటాయని నిరూపించాడు.

టమాటాదీ అదే దారి. ముదిరిన కాయలో ఇథిలీన్ కొద్దిగా పుడుతుంది. ఆ కొద్దిపాటి వాయువే ఇంకాస్త వాయువు పుట్టేలా చేస్తుంది. అది మరింత. ఒకసారి అంటుకున్నాక ఆగదు. పచ్చదనం విరిగిపోతుంది, పుల్లదనం తగ్గుతుంది, గట్టిదనం సడలుతుంది, లైకోపిన్ అనే ఎర్రటి వర్ణకం పేరుకుంటుంది. గంపలో ఒక పండు మిగతా కాయల్ని కూడా పండించేది అందుకే. అరటి, మామిడి, సపోటా, జామ ఈ కోవలోవే. ద్రాక్ష, నిమ్మ, బత్తాయి అలా కావు. కోసినప్పుడు ఎలా ఉంటే అలాగే ఉంటాయి, తీపెక్కవు.

ఇక్కడే తోటమాలికి పనికొచ్చే సంగతి ఒకటుంది. దోర తిరిగిన కాయకు చెట్టు నుంచి అందాల్సినది దాదాపుగా అంది ఉంటుంది. అప్పుడు కోసి ఇంట్లో పండించిన పండు, చెట్టున పండినదానికి రుచిలో పెద్దగా తీసిపోదు. చెట్టు మీదే వదిలితే పక్షులు, ఉడతలు, పురుగులు, అకాల వానకు పగుళ్లు, అన్నిటికీ మించి ఎండ.

ముప్పై దాటితే మొండికేస్తుంది

లైకోపిన్ బాగా తయారయ్యేది 20 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ వేడిలో. 30 దాటితే ఆ పని నెమ్మదిస్తుంది. 32 దాటి అలాగే కొనసాగితే దాదాపు ఆగిపోతుంది. పసుపు, నారింజ రంగులిచ్చే కెరోటిన్ మాత్రం అంత వేడిలోనూ తయారవుతూనే ఉంటుంది. మేడ మీది కాయలు నారింజ దగ్గర నిలిచిపోవడానికి కారణం ఇదే. పైగా నేరుగా ఎండ తగిలే కాయ ఒళ్లు చుట్టూ ఉన్న గాలికన్నా చాలా డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. ఇక సిమెంటు శ్లాబు మీద, నల్లటి ప్లాస్టిక్ కుండీలో మొక్క పరిస్థితి చెప్పనక్కర్లేదు.

చలి కూడా దీనికి గిట్టదు. 12 డిగ్రీల కిందికి దిగితే పండటం దాదాపు నిలిచిపోతుంది. పచ్చికాయ అంతకన్నా చల్లగా చాలా రోజులుంటే తర్వాత వెచ్చగా పెట్టినా మచ్చలు మచ్చలుగా పండి త్వరగా కుళ్లుతుంది. అయితే మన మైదాన ప్రాంతాల్లో ఇంత చలి వచ్చేది కొద్ది రాత్రులే. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నారు నాటిన మొక్కలు శీతాకాలంలో ఇట్టే పండి గంపలు నింపుతుంటే, ఫిబ్రవరిలో నాటినవి ఏడిపించేది ఇందుకే. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లె చుట్టుపక్కల టమాటా అంతగా నెలకొనడానికి అక్కడి చల్లదనం కూడా ఒక కారణం.

దోర మీద కోసే పద్ధతి టమాటా రైతులకు కొత్తగా చెప్పక్కర్లేదు. దూరపు ఊళ్ల లారీకి ఎక్కించాల్సిన సరుకును దోర మీదే కోస్తారు. పక్క ఊరి సంతకైతే పండు మీద కోస్తారు. లారీ గమ్యం చేరే లోపు దోరకాయలు దారిలోనే ఎరుపెక్కుతాయి. వ్యాపారం కోసం పుట్టిన ఈ లెక్కను మేడ మీది నాలుగు మొక్కలకూ వాడుకోవచ్చు.

గంపలో పండించే తీరు

రంగు తిరిగిన కాయల్ని పొద్దున చల్లపూట, తొడిమ దగ్గర గాయం కాకుండా కోయాలి. తడి ఉంటే తుడవాలి. గంపలోనో అట్టపెట్టెలోనో పాత వార్తాపత్రిక పరిచి, కాయ మీద కాయ పడకుండా ఒకే వరసగా పేర్చాలి. తొడిమ తీసేసిన కాయలైతే ఆ వైపు కిందికి ఉండేలా పెట్టడం మేలు. టమాటా తోలుకు ఆకుకున్నట్టు సూక్ష్మరంధ్రాలుండవు. నీరు బయటికి పోవాలన్నా, గాలి లోపలికి రావాలన్నా ప్రధానమైన దారి తొడిమ ఊడిన చోటే.

పచ్చకాయల్ని తొందరపెట్టాలంటే వాటి మధ్య పండిన అరటిపండు ఒకటి పెట్టి పైన కాగితం కప్పితే చాలు. ప్లాస్టిక్ కవరులో మూటకట్టకూడదు. లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది. మే నెలలో ఇంట్లో ఏ మూల చల్లగా ఉంటుందో ఆ ఇంటివాళ్లకే తెలుస్తుంది. నీళ్ల కుండ పెట్టే గట్టు పక్కనో, పడమటి ఎండ తగలని గదిలో నేల మీదో గంప ఉంచాలి. రెండు రోజులకోసారి చూసి, మెత్తబడిన కాయను ఏరేయాలి.

చెట్టు దగ్గర చేయాల్సిన పనులూ కొన్ని ఉన్నాయి. కాయలు ఊరాక కూడా యూరియా, పచ్చి పేడ ధారాళంగా వేస్తే మొక్క కొత్త ఆకులే వేస్తుంది, పండటం వెనకబడుతుంది. పొటాష్ చాలకపోతే తొడిమ చుట్టూ పసుపు పట్టీ మిగిలి కాయ ఒకేలా పండదు. పల్లెల్లో కూరపాదుల్లో కట్టెల బూడిద చల్లడం చూస్తుంటాం. ఆ బూడిదలో పొటాష్ ఉంటుంది. కాకపోతే ఎక్కువైతే మట్టిలో క్షారం పెరుగుతుంది. కుండీకి చిటికెడు మించకూడదు. నీళ్లు ఒకరోజు ఎండగట్టి మర్నాడు ముంచెత్తడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. కాయలు పగిలేది అందువల్లే. కాయ అడుగున నల్లగా కుళ్లే జబ్బుకు కాల్షియం అందకపోవడం కారణం. మట్టిలో కాల్షియం ఉన్నా, నీళ్లు ఒడిదుడుకులైతే అది కాయ దాకా చేరదు.

ఇక ఆకులు. నేలకు తగిలే అడుగు ఆకులు, పండుబారినవి తీసేయొచ్చు. కాయకు గొడుగు పట్టే ఆకుల జోలికి పోకూడదు. మార్చి దాటాక తోట మీద నీడవల కట్టినవాళ్ల కాయలకు తెల్లమచ్చలు పడటం బాగా తగ్గుతుంది.

భుజం మీది పచ్చదనం

నాటు టమాటాల్లో చాలావాటికి తొడిమ చుట్టూ ముదురాకుపచ్చ పట్టీ ఉంటుంది. మిగతా కాయ ఎర్రబడినా అది ఆఖర్న గానీ పోదు. బజారు టమాటాల్లో అది కనబడదు. కాయంతా ఒకేలా లేతాకుపచ్చగా ఉండి, ఒకేసారి ఎర్రబడుతుంది. కోతకు అనువుగా ఉంటుందని దశాబ్దాలుగా ఇలాంటి రకాలనే ఏరి పెంచారు. 2012లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఆ అనుకూలానికి చెల్లించిన మూల్యాన్ని బయటపెట్టింది. ఆ పచ్చపట్టీని ఇచ్చే జన్యువే కాయలో కొంత చక్కెర తయారీకీ తోడ్పడుతుంది. అది దెబ్బతిన్న రకాల్లో చక్కెరలు తగ్గుతాయి. నాటుకాయ భుజాన ఉన్న పచ్చదనాన్ని జబ్బనుకోనక్కర్లేదు.

పండాక మెత్తబడకుండా చూడాలని ఇంకో ప్రయత్నం జరిగింది. కాలిఫోర్నియాలోని కాల్‌జీన్ కంపెనీ 1994లో ఫ్లేవర్ సేవర్ అనే టమాటాను అమ్మకానికి తెచ్చింది. జన్యుమార్పిడి చేసి జనం తినడానికి బజారుకు వచ్చిన మొట్టమొదటి పంట అదే. ఖర్చులు గిట్టక కొన్నేళ్లకే కనుమరుగైంది.

న్యూజెర్సీలో అక్టోబరు

తెలుగువాళ్ల టమాటాకు రెండో కష్టం సముద్రాల అవతల ఎదురవుతుంది. న్యూజెర్సీలో పెరట్లో గోంగూర, సొర, టమాటా వేసుకునే కుటుంబాలకు జులై, ఆగస్టు పండగే. అక్టోబరు వచ్చేసరికి చెట్టు నిండా పచ్చికాయలు, తల మీద మంచు భయం. ఒక్క రాత్రి గడ్డకట్టే చలి పడితే మొక్క ఉడికినట్టు వాలిపోతుంది.

అక్కడి తోటమాలులు మంచు పడటానికి నెల ముందే కొమ్మల చివళ్లు తుంచేస్తారు. కొత్త పూత రాలగొడతారు. ఆ పూత ఎటూ పండేదాకా బతకదు, దాని వంతు బలం ఉన్న కాయలకు పోతుంది. చలి హెచ్చరిక రాగానే ముదిరిన కాయలన్నీ కోసి అట్టపెట్టెల్లో కాగితం చుట్టి దాస్తారు. కొందరు మొక్కను వేళ్లతో పెకలించి గరాజులో తలకిందులుగా వేలాడదీస్తారు. గది వెచ్చదనాన్ని బట్టి ఆ కాయలు నవంబరు దాకా ఒక్కొక్కటిగా పండుతాయి.

ఫ్రిజ్ ఎప్పుడు, కార్బైడ్ ఎందుకొద్దు

ఎంత శ్రమపడి పండించినా తెచ్చి నేరుగా ఫ్రిజ్‌లో పెడితే రుచి పోతుంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, పండ్లను 5 డిగ్రీల చలిలో వారం ఉంచి చూశారు. పరిమళాన్నిచ్చే పదార్థాలను తయారుచేసే జన్యువులు మందగించాయి. తిరిగి మామూలు వేడిలో ఒకరోజు ఉంచినా ఆ వాసన పూర్తిగా తిరిగి రాలేదు. పండు మరీ మిగలపండి, రేపటికి పాడయ్యేలా ఉంటేనే ఫ్రిజ్.

తొందరపడి కార్బైడ్ ముక్క కోసం వెతకడం మాత్రం ప్రమాదం. చెమ్మ తగిలితే అది ఎసిటిలిన్ వాయువును వదులుతుంది. దానితోపాటు ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలూ బయటికొస్తాయి. పళ్లు మాగబెట్టడానికి దాని వాడకాన్ని మన దేశంలో 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు నిషేధించాయి. పది రూపాయల అరటిపండు చేసే పనికి అంత సాహసం దేనికి?

ఇన్ని చేసినా గంప అడుగున నాలుగైదు కాయలు పచ్చగానే మిగులుతాయి. వాటిని ముక్కలు కోసి, పచ్చిమిర్చితో కలిపి నూనెలో మగ్గించి, వేయించిన నువ్వులు, జీలకర్ర, వెల్లుల్లితో రోట్లో కచ్చాపచ్చాగా నూరితే పచ్చిటమాటా పచ్చడి. పుల్లదనం కాయలోనే ఉంది కాబట్టి చింతపండు కొంచెం చాలు. మేడ మీది ఆవిడ కూడా మచ్చ పడిన మేర చెక్కేసి, ఆ పూటకు ఇదే నూరింది. మిగిలిన దోరకాయలు వంటింట్లో, బియ్యం డబ్బా పక్కన గంపలో ఉన్నాయి.