అరుంధతి పక్కనే మరో జంట

పెళ్లిలో పురోహితుడు చూపించే అరుంధతీ వసిష్ఠులు సప్తర్షి మండలంలో ఉంటారు. ఆ మండలం తోక చివరి చుక్క మరీచి. దానికి 3.6 డిగ్రీల ఎడంలో, చాచిన చేతి రెండు వేళ్ల మందంలో, మామూలు కంటికి అందని మరో జంట ఉంది: ఎం51 గెలాక్సీ, దాని తోడు ఎన్‌జీసీ 5195. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చిన్న టెలిస్కోపుకు ఇది దొరుకుతుందా?

61 డిగ్రీలు

శ్రీకాకుళం అక్షాంశం 18.3 డిగ్రీలు. ఎం51 ఖగోళంలో 47.2 డిగ్రీల ఉత్తరాన ఉంది. తేడా దాదాపు 29. దాన్ని 90లోంచి తీసేస్తే 61. ఉత్తరాన ఆ గెలాక్సీ ఎక్కే ఎత్తు అంత. మార్చి మధ్యలో రాత్రి 2 గంటలకు, ఏప్రిల్ మధ్యలో అర్ధరాత్రికి, మే మధ్యలో 10 గంటలకు అక్కడికి చేరుతుంది. అప్పుడది మరీచికి ఎడమవైపు, కాస్త పైన ఉంటుంది.

8.4, 9.6

ఇవి ఆ రెండు గెలాక్సీల ప్రకాశాంకాలు. అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. చీకటి పల్లెలో కంటి హద్దు సుమారు 6. తోడు గెలాక్సీ వెలుగు పెద్దదానిలో మూడో వంతే. అరుంధతీ వసిష్ఠుల ఎడం 12 ఆర్క్ మినిట్లయితే, వీటిది 4.4.

6 అంగుళాలు

గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్నంలో సొంత అబ్జర్వేటరీ పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు హయాంలో 1874లో అక్కడికి 6 అంగుళాల టెలిస్కోపు వచ్చింది. ఇప్పుడది ఔత్సాహికుల సైజు. 6 అంగుళాల, అంటే 150 మిల్లీమీటర్ల అద్దం 7 మిల్లీమీటర్ల కనుపాప కన్నా సుమారు 450 రెట్లు వెలుతురు పోగుచేస్తుంది. రెండు మసక మచ్చలు విడివిడిగా కనిపించడానికి అది చాలు. రంగులు మాత్రం ఆశించొద్దు. 1845లో ఐర్లండ్‌లో లార్డ్ రాస్ 72 అంగుళాల టెలిస్కోపుతో పసిగట్టిన ఎం51 సుడి ఆకారం కావాలంటే కనీసం 8 అంగుళాలు, మంచి చీకటి ఉండాలి.

చీకటే అసలు పెట్టుబడి

అద్దం పెద్దదైతే గెలాక్సీతో పాటు వీధి దీపాల కాంతి కూడా పోగవుతుంది. అందుకే పట్నంలో 8 అంగుళాల కన్నా పల్లెలో 6 అంగుళాలు మేలు. చూడాల్సింది ఉత్తరం కాబట్టి ఊరి వెలుగు వెనక్కి పడాలి: శ్రీకాకుళం వాళ్లు పాలకొండ వైపు, విజయనగరం వాళ్లు సాలూరు వైపు వెళ్లాలి. అమావాస్య దగ్గరి రాత్రి ఎంచుకోండి. సెల్‌ఫోన్ జేబులో పెట్టి అరగంట కళ్లను చీకటికి అలవాటు చేయండి. మచ్చను సూటిగా కాకుండా ఓరకంట చూడండి.